ఆ పేరు గలావిడ ఆ ఊళ్ళో లేదు

మా ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్నకు తెలుగు చేసింది నేనే. ముప్పయ్యేళ్ళకు పైగా యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పాను. పాఠాలు రాశాను, పరిశోధన పత్రాలు రాశాను. వాటన్నిటిలోకీ నన్ను ఎక్కువకాలం వెంటాడింది ఆ ఒక్క వాక్యం. పరిశోధనలోకి కొత్తగా వచ్చే పిల్లలు "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదైనా చెప్పండి" అని అడిగినప్పుడల్లా వేరేవేవో చెప్పి తప్పించుకునేదాన్ని. రిటైరయ్యాక తప్పించుకోవాల్సిన అవసరం తగ్గింది. అందుకని ఇప్పుడు చెబుతున్నాను.

పత్తి, మిరప పండించే కుటుంబాల్లో ఆడవాళ్ళ మనోవేదన గురించి ఆ అధ్యయనం. రైతు అనగానే మగవాడని అనుకుని చేసిన పరిశోధనలే అప్పటిదాకా ఎక్కువ. ఆ ఇళ్ళలో పత్తి తీసి, మిరపకాయ కోసి, కల్లంలో ఎండబోసి, తొడిమలు తీసే ఆడవాళ్ళకు నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, దేనిమీదైనా ఆశ ఉందా అని అడిగినవాళ్ళు తక్కువ. మేం అడుగుదామనుకున్నాం. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలను తెలుగులోకి మార్చే పని నా మీద పడింది.

ఎనిమిది ప్రశ్నలు సులువుగానే కుదిరాయి. తొమ్మిదో దాన్ని మొదట "మీకు చచ్చిపోవాలనిపిస్తుందా?" అని రాశాను. గుంటూరు దగ్గర ఒక మిరప కల్లంలో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని చదివి వినిపించాను. అందరూ గొల్లున నవ్వారు.

"రోజుకి పదిసార్లు అనిపిచ్చుద్దమ్మా. చేతులు మండినప్పుడల్లా సావన్నా రాకూడదా అనుకుంటాం" అంది ఒకామె.

"మా అత్త నోరు తెరిస్తే ఇంకో పదిసార్లు" అంది పక్కనున్నామె.

నిజమే. మనకు చావు మాట నోట్లో నలుగుతూనే ఉంటుంది. ఎండకు చస్తాం, విసుగొచ్చి చస్తాం, నవ్వలేక కూడా చస్తాం. ఇంటికొచ్చి మళ్ళీ రాశాను: "గడిచిన పదిహేను రోజుల్లో, ఈ బతుకు చాలిద్దామన్న ఆలోచన మీకు ఎన్నిసార్లు వచ్చింది?" దానికి నాలుగు సమాధానాలు: అసలు రాలేదు, ఒకటి రెండుసార్లు, చాలా రోజులు, దాదాపు రోజూ. మర్నాడు అదే కల్లంలో చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. చివర కూర్చున్న ఒకామె చేతిలో కాయలు కింద పడేసి, మంచినీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళింది. వాక్యం సరిగ్గా తగిలిందని నేను సంబరపడ్డాను. ఆమె ఎందుకు లేచి వెళ్ళిందో కనుక్కోవాలని మాత్రం తోచలేదు.

మనుషుల మీద చేసే పరిశోధనకు నైతిక కమిటీ అనుమతి కావాలి. దానికోసం నేను రాసిన పత్రంలో ఒక వాక్యం ఉంది: "తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్టు తెలిసినవారికి తగిన సహాయం అందించబడుతుంది." ఎవరు అందిస్తారు, ఎప్పుడు అందిస్తారు, ఎక్కడికి తీసుకెళ్తారు అన్నది అందులో లేదు. కర్మణి ప్రయోగంలో ఆ సుఖం ఉంది. కర్త కనిపించడు. కమిటీ కూడా అడగలేదు. ఊళ్ళు తిరిగే పిల్లలకు "అలాంటిది ఎదురైతే నాకు చెప్పండి" అని నోటిమాటగా చెప్పి ఊరుకున్నాను.

ప్రాజెక్టుకు పెద్ద మా డిపార్టుమెంటు పెద్దసారు. నాకంటే నాలుగేళ్ళు సీనియర్. నిజాయితీకి పెట్టింది పేరు, కోపానికీ అంతే. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా తిప్పి పంపేవారు. ఫారం మీద సమాధానం చెప్పినవాళ్ళ పేరు ఉండదు, కోడ్ నంబరు మాత్రమే ఉంటుంది. ఏ కోడు ఎవరిదో, ఏ ఇంటిదో రాసిన కాగితాలు విడిగా అంటించిన కవర్లలో సారు బీరువాలో ఉండేవి. ఆ బీరువా తాళంచెవి ఆయన జేబులోంచి బయటికి వచ్చేది కాదు.

ఊళ్ళు తిరిగి ఫారాలు నింపడానికి ముగ్గురు ఉండేవారు. ఇద్దరు చీమకుర్తి వైపు ఊళ్ళు చూసేవారు. మూడో అమ్మాయి అద్దంకి వైపు చూసేది. సొంత ఊరు పొన్నూరు. ముప్పైకి దగ్గరగా ఉంటుంది వయసు. భర్త అక్కడే ఒక రైస్ మిల్లులో గుమాస్తా. వారంలో ఐదు రోజులు అద్దంకిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి, శనివారం ఇంటికి వెళ్ళేది. ముగ్గురిలోనూ పనిమంతురాలు. ఆమె చేతిరాత చూస్తే ముచ్చటేసేది.

ఆ చలికాలంలో ఆమె మూడు వారాలు సెలవు పెట్టింది. ఏడో నెలలో కడుపులో బిడ్డ పోయింది. మాకందరికీ తెలుసు. తలా ఒక మెసేజ్ పెట్టాం. తిరిగొచ్చిన రోజున కాస్త చిక్కింది గానీ మామూలుగానే ఉన్నట్టనిపించింది. "పనిలో పడితే అదే సర్దుకుంటుందిలే అమ్మా" అన్నాను. ఆమె తలూపింది. ఆ మాట అన్నది మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరని గుర్తుపెట్టుకోండి.

మిరపకోతల కాలం వచ్చింది. ఒక సోమవారం ఆ అమ్మాయి యూనివర్సిటీకి వచ్చి, కోడ్ కవరు సారుకి ఇచ్చి, పూర్తిచేసిన ఫారాల కట్ట నా బల్ల మీద పెట్టింది. తలనొప్పిగా ఉంది, రెండు రోజులు ఇంటి దగ్గర ఉంటానంది. సరేనన్నాను. మంగళవారం పొద్దున కట్ట విప్పి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను. ఎక్కడా ఖాళీ లేదు, కొట్టివేత లేదు. ఏడో ఫారం దగ్గర ఆగిపోయాను.

తొమ్మిదో ప్రశ్నకు "దాదాపు రోజూ" దగ్గర టిక్కు ఉంది.

ఫారం చివర 'ఇతర విషయాలు' అని రెండు గీతల చోటు ఉంటుంది. సాధారణంగా అక్కడ "అత్తగారు పక్కనే కూర్చున్నారు" లాంటివి రాస్తారు. ఇందులో ఇలా ఉంది: "పొద్దున లేస్తే ఎవరో ఒకరికి సమాధానం చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు అన్నారు." పైన తేదీ చూశాను. ఎనిమిది రోజుల కిందటిది. ఎనిమిది రోజుల క్రితం ఒక ఆడమనిషి ఈ మాట చెబితే, మేం రాసుకుని, దండం పెట్టి, వచ్చేశామన్నమాట.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. తలనొప్పితో పడుకుని ఉంటుందనుకుని, ఫారం పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాను.

ఆయన చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కోడ్ కవరు తెరవమంటారు. అంతేగా?"

"అవును సార్."

"పేరు బయటికి రాదని చెప్పి ఆమె దగ్గర సంతకం తీసుకున్నాం. మనకి భయం వేసినప్పుడల్లా కవరు చింపుతూ పోతే ఇంక ఆ మాటకి విలువేముందమ్మా?"

"మాట ఇచ్చింది ఆమెకే కద సార్. ఆమే లేకపోతే ఎవరి దగ్గర నిలబెట్టుకుంటాం?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత తాళంచెవి తీసి బీరువా ఆయనే తెరిచారు. కవరు ఆయనే చింపారు. పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, ఊరు. అద్దంకికి ఆవల, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఊరు. "జీపు తీయమనండి. నేనూ వస్తున్నా" అన్నారు.

డ్రైవరు గారు చీమకుర్తి మనిషి. అంతకుముందు క్వారీల్లో లారీలు తోలినవారు. రంజాన్ నెల, ఉపవాసంలో ఉన్నారు. ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు. మా మొహాలు చూసి బండి కాస్త వేగంగానే పోనిచ్చారు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. జీపు దిగగానే ముగ్గురికీ తుమ్ములు. ముందే ఫోన్ చేశాం గనక ఆ ఊరి ఆశా కార్యకర్త స్కూలు దగ్గర నిలబడి ఉంది. నలభై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు. ఎందుకో చెప్పకుండా, ఫలానా ఆవిడని కలవాలన్నాను.

ఆమె చీటీ చూసి నుదురు చిట్లించింది. "ఈ నంబరు పాలకేంద్రానిదమ్మా. ఆడ పొద్దునా సాయంత్రం క్యాన్లు తప్ప కాపురం ఉండేవాళ్ళు ఎవరూ లేరు."

"నంబరు తప్పు పడి ఉంటుంది. పేరు చూడమ్మా."

"ఆ పేరు గలావిడ ఈ ఊళ్ళో లేదు మేడమ్ గారూ. నాకు తెలీకుండా ఈ ఊళ్ళో ఆడమనిషి ఉంటదా? ప్రతి గడపా నేను తొక్కిందే."

కవరులో ఉన్న మిగతా పేర్లు చదివాను. ఒక్కొక్కదానికీ ఆమె తల అడ్డంగా ఊపింది. పన్నెండు పేర్లలో రెండే ఆ ఊళ్ళో ఉన్నాయి. పెద్దసారు మొహం కందగడ్డ అయింది.

"మా అమ్మాయి ఇక్కడికి రాలేదా అసలు?" అన్నారు.

"ఎందుకు రాలేదండీ, వచ్చింది. ఒక్కరోజు. నేనే దగ్గరుండి తిప్పా. రెండిళ్ళు బాగానే రాసుకుంది. మూడో ఇంట్లో పెద్దామె 'నీకు పిల్లలెంతమందమ్మా' అనింది. అడగటం మామూలే గదండీ, మన కాడ పేరుకంటే ముందు అదే అడుగుతారు. ఆ పిల్ల మొహం మాడిపోయింది. మంచినీళ్ళడిగి తాగింది. రేపొస్తా ఆంటీ అని చెప్పి బస్సెక్కింది. మళ్ళీ రాలా."

దాచుకోకుండా చెప్పాలంటే, నాకు ముందు కలిగింది సంతోషం. చావాలనుకుంటున్న ఆడమనిషి అసలు లేనే లేదు. దాని వెనకే కోపం వచ్చింది. పెద్దసారైతే అక్కడే స్కూలు గోడ పక్కన నిలబడి, "దొంగ డేటా! కూర్చుని కథలు రాసింది. ఇంత నమ్మితే ఇదా చేసేది?" అని అరిచారు. బడి పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూశారు. నేనూ ఆయనకు వంత పాడాను. ఆమెను రేపే పిలిపించి అడగాలన్నాను.

ఆశా కార్యకర్త మా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "ఇంతకీ ఎందుకొచ్చారమ్మా ఆ లేని మనిషి కోసం?" అంది.

ఇక దాచేదేముంది? ఫారం చివర ఉన్న ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించాను. ఆమె మరోసారి చదవమంది. చదివాను.

"ఇది ఉబుసుపోక రాసిన మాటలాగా లేదమ్మా" అంది. "మనిషి లేకపోతే మరి మాట ఎవరిది? రాసినామె కాడికి పోవాలి గానీ, ఇంకా ఈడ నిలబడ్డారేంది?"

ఆమె పదో తరగతి చదివింది. నేనూ సారూ డాక్టరేట్లు చేసినవాళ్ళం.

అద్దంకి నుంచి పొన్నూరు దగ్గరేమీ కాదు. మార్టూరు, పర్చూరు, బాపట్ల దాటి వెళ్ళాలి. జీపులో కూర్చుని మళ్ళీ ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆఫీసుకు చేసి ఆమె భర్త నంబరు తెప్పించుకున్నాను. మిల్లు చప్పుడులో ఆ అబ్బాయి "ఇంట్లోనే ఉంది మేడం, తలనొప్పని పడుకుంది, ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఉంటుంది" అన్నాడు.

"ఒక్కసారి ఇంటికెళ్ళి తన పక్కన కూర్చో బాబూ. మేం వచ్చేదాకా ఎక్కడికీ కదలొద్దు. ఏమీ అడగొద్దు, తిట్టొద్దు."

"ఏమైంది మేడం?"

"ఏమీ కాలేదు. కాకూడదనే వస్తున్నాం."

పావుగంటకు అతనే ఫోన్ చేశాడు. "ఉంది మేడం. పడుకునే ఉంది. పక్కనే ఉన్నాను."

దారిలో ఆ కట్టను మళ్ళీ మొదటినుంచి చదివాను. పొద్దున చేసింది తనిఖీ. ఇప్పుడు చదివింది మనిషిని. పన్నెండింటిలో పది ఫారాలు ఆమె కల్పించినవి. ఒకామెకు ఇరవై రెండేళ్ళు, ఒకామెకు యాభై. ఒకరిది పత్తి, ఒకరిది మిరప, ఒకరిది కౌలు పొలం. వయసులు మార్చింది, పంటలు మార్చింది, చదువులు మార్చింది. నిద్ర మాత్రం ఎవరికీ పట్టడం లేదు. అన్నం ఎవరికీ సహించడం లేదు. అందరికీ తాము ఎందుకూ పనికిరాని వాళ్ళమన్న ఆలోచన చాలా రోజులు వస్తోంది. తేదీలు గడిచేకొద్దీ ఒక్కో టిక్కూ కుడివైపుకి జరుగుతూ పోయింది. పదిమంది ఆడవాళ్ళూ ఒక్క మనిషే. రోజురోజుకీ తన పరిస్థితి రాసుకుంటూ పోయి, ఆ కట్ట ఆమె నా బల్ల మీద పెట్టింది. ఏడో ఫారం దాకా నేను ఖాళీలు లేవని మెచ్చుకుంటూ తిప్పేశాను.

గట్టిగా చదవమన్నారు సారు. చదివాను. పర్చూరు దాటాక ఆయన కిటికీ వైపు తిరిగి అన్నారు. "కాన్పు పోయిందని మీరొచ్చి చెప్పిన రోజు నాకు గుర్తుంది. పనికి మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగాను నేను. అదొక్కటే అడిగాను."

పొన్నూరులో కాలవ పక్క వీధి. మేడ మీద రెండు గదుల వాటా. మేం వెళ్ళేసరికి ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భర్త మిల్లు దుమ్ము బట్టలతోనే నేల మీద కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడబోయింది. వెనకాలే పెద్దసారు కనిపించేసరికి కూలబడిపోయింది.

"తెలిసిపోయిందా మేడం?" అంది. "నన్ను తీసేయండి. మా ఆయన ముందర మాత్రం ఏమీ అనకండి."

సారు గుమ్మంలోనే ఆగిపోయారు. నేను వెళ్ళి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఫారాల గురించి మాట్లాడటానికి రాలేదన్నాను. అయితే దేనికొచ్చానో చెప్పాలి కదా. ఆ ప్రశ్న నేనే రాశాను. ఎంతోమందికి అడగటం నేర్పాను. గొంతు తొణకకూడదనీ, కళ్ళలోకి చూడాలనీ, సమాధానం వచ్చేదాకా ఆగాలనీ పాఠాలు చెప్పాను. నా ఎదుట ఉన్న మనిషిని నిజంగా అడగాల్సి వచ్చేసరికి ఆ పాఠాలేవీ అక్కరకు రాలేదు. మనం అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ క్షణంలో భయపడ్డాను.

"గడిచిన పదిహేను రోజుల్లో..." అని మొదలుపెట్టి ఆపేశాను. "ఈ బతుకు చాలిద్దామని అనిపిస్తోందా అమ్మా నీకు?"

ఆమె భర్త చప్పున తలెత్తాడు.

"అందులో రాసిందే మేడం" అంది.

తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఏడుపు మధ్యలో చెప్పింది. ఆ ఊళ్ళో మూడో ఇంటి తర్వాత ఆమె మరో ఊరికి వెళ్ళి చూసింది. అక్కడా అదే ప్రశ్న. పిల్లలు లేరంటే ఏ డాక్టరు మంచిదో, ఏ గుడికి మొక్కుకోవాలో చెబుతారు. కడుపులోనే బిడ్డ పోయిందంటే కొంగు నోట్లో కుక్కుకుని ఆమెతోపాటు ఏడుస్తారు. వాళ్ళు మంచివాళ్ళే. "ఒక్కో ఇంట్లో ఒక్కోసారి నా బిడ్డని పోగొట్టుకోవాల్సి వచ్చింది మేడం" అంది. ఆ తర్వాత ఊళ్ళోకి వెళ్ళడం మానేసింది. హాస్టల్ నుంచి పొద్దున్నే బయల్దేరి, అద్దంకి బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని ఆడవాళ్ళను పుట్టించేది. మొదట్లో జాగ్రత్తగానే పుట్టించిందట. తర్వాత తర్వాత వాళ్ళంతా ఆమె మాటలే మాట్లాడటం మొదలుపెట్టారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"పనిలో పడితే సర్దుకుంటుందన్నారు గదా మేడం. సర్దుకోలేదని చెప్పడానికి సిగ్గేసింది."

ఆమె భర్త మోకాళ్ళ మీద మంచం దాకా వచ్చి ఆమె పాదం పట్టుకున్నాడు. "నాతో అన్నా అనుండొచ్చు గదే" అన్నాడు. "నువ్వు పాప సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతావుగా" అంది ఆమె. అతను పాదం వదల్లేదు.

గుంటూరులో నాకు తెలిసిన మానసిక వైద్యురాలికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. మేం కిందికి దిగేసరికి పొద్దుగూకి, మసీదులో పిలుపు వినిపించింది. ఆమె భర్త అంత హడావిడిలోనూ గుర్తుపెట్టుకుని, డ్రైవరు గారికి మంచినీళ్ళ సీసా, నాలుగు అరటిపళ్ళు తెచ్చిచ్చాడు. డ్రైవరు గారు జీపు పక్కన నిలబడి ఉపవాసం విడిచి, పండు ఒకటి ఆ అమ్మాయికి ఇచ్చారు. "తిను తల్లీ. పొద్దున్నుంచి నువ్వూ నాలాగే ఉన్నట్టున్నావు" అన్నారు. ఆమె తిన్నది.

ఆ రాత్రి నుంచి ఆమెను చూసుకున్నది డాక్టరు గారూ, భర్తానూ. మందులు, మాటలు, నెలల తరబడి. మధ్యలో ఒకసారి మళ్ళీ బాగా కుంగింది. మళ్ళీ తేరుకుంది. ఇలాంటివి ఒక్క రోజులో నయమైపోయినట్టు చెబితే అది కూడా దొంగ డేటాయే.

ఫారాల సంగతి మిగిలింది. గుట్టుగా ఆ పదీ చించేసి, వేరేవి నింపించి ఊరుకుందామన్నాను నేను. పెద్దసారు ఒప్పుకోలేదు. "అబద్ధం డేటా అబద్ధమే. ఎందుకు రాసిందన్నది వేరే సంగతి. రెండూ రాయాలి" అన్నారు. నాకు కోపమొచ్చింది. ఆ అమ్మాయి బతుకు ఏమవుతుందని పోట్లాడాను. ఆయన మూడు రోజులు కూర్చుని నైతిక కమిటీకి లేఖ రాశారు. తీసుకొచ్చి నాకు చూపించారు. కొన్ని ఫారాలు కల్పితమని, వాటిని తీసేస్తున్నామని రాశారు. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని మూడు వారాలకే ఊళ్ళ మీదికి పంపింది ప్రాజెక్టు అధిపతిగా తానేనని రాశారు. సహాయం అందించబడుతుందని కమిటీకి చెప్పిన మాట అబద్ధమని, ఏ ఏర్పాటూ లేదని రాశారు. ఆమె పేరు ఎక్కడా లేదు. కింద సంతకం చేసి, రెండో సంతకానికి ఖాళీ వదిలారు. నేను చేశాను. నా సర్వీసులో చేసిన సంతకాల్లో చేతికి బరువనిపించింది అదొక్కటే.

కమిటీ పనిని ఆపించింది. మళ్ళీ మొదలుపెట్టేనాటికి ఏడాది గడిచింది. ఈలోపు ఏర్పాట్లు చేశాం. ప్రతి ఊరికీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరును కలవాలో, ఎవరు తీసుకెళ్ళాలో కాగితం మీద పేర్లతో సహా రాశాం. ఊళ్ళు తిరిగేవాళ్ళు వారానికోసారి కూర్చుని, తాము విన్నవే కాదు, తమకేమవుతోందో కూడా చెప్పుకునేలా పెట్టాం.

ఆ అమ్మాయి పరిశోధనకు తిరిగి రాలేదు. పొన్నూరులోనే ఒక స్కూల్లో పాఠాలు చెబుతోంది. ఇది రాశాక అచ్చుకు పంపేముందు ఆమెకే చదివి వినిపించాను. వద్దంటే చించేస్తానన్నాను. అంతా విని, ఒక్కటే అడిగింది. "ఎక్కడా 'పాపం' అని రాయకండి మేడం." రెండుచోట్ల ఉంది. తీసేశాను.

మళ్ళీ పని మొదలైనప్పుడు, ఆమె వదిలేసిన ఆ ఊరికి నేనే వెళ్ళాను. ఆ వయసులో ఊళ్ళు తిరగడం ఎందుకని అందరూ అన్నారు. అదే ఆశా కార్యకర్త నన్ను వెంటబెట్టుకుని గడపగడపా తిప్పింది. పాలకేంద్రం వెనక సందులో, మా పాత జాబితా ప్రకారం ఎప్పుడో పూర్తయిపోయిన వరసలో, ఒక రేకుల ఇల్లు. ముప్పయ్యేళ్ళ ఆమె ఒక్కతే ఉంది. భర్త చీమకుర్తి క్వారీలో పని, నెలకోసారి వస్తాడు. మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ కూర్చుంది. ఎనిమిది ప్రశ్నలకూ నవ్వుతూనే జవాబిచ్చింది. తొమ్మిదోది అడిగాను.

నవ్వు ఆగింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. "రోజూనేనమ్మా" అంది. "కిందటేడు నించీ."

కిందటేడు మా కాగితాల్లో ఆ వరసంతా పూర్తయిపోయింది. పెద్దసారు ఆ లేఖ రాసి ఉండకపోతే అలాగే ఉండిపోయేది. నేను ఈ ఇంటి ముందుకే వచ్చి ఉండేదాన్ని కాదు. పెన్ను మూసి పక్కన పెట్టాను. ఆశా కార్యకర్త లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, మా కాగితంలో రాసిన డాక్టరుకు చేయడానికి ఫోన్ తీసింది.

ఆ ఇంటామె మా ఇద్దరినీ చూసి కంగారుపడింది. "రాసుకోవేందమ్మా? తప్పు జెప్పానా?"

"తప్పేం లేదమ్మా. నువ్వు చెప్పు. రాసేది తర్వాత చూద్దాం."

మంచం మీద ఆమెకు దగ్గరగా జరిగి కూర్చున్నాను. ఆమె మొదలుపెట్టింది.